అసలు నొప్పి

ఫోనులో కోడి కూసేసరికి దాలయ్య చేతిలోని సూదిని వల మీదే వదిలేసి లేచాడు. గూట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి రెండు మాత్రలు అరచేతిలోకి దులుపుకున్నాడు. తెల్లగా, నడుమ సన్నటి గీతతో, చొక్కా గుండీకన్నా చిన్నగా ఉన్నాయి. గోడవైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని చాప మీద పడుకున్న మరిడమ్మ మొగుడి అడుగుల చప్పుడు విని చెయ్యి చాచింది. ఆ చేతిలో మాత్రలు పెట్టి, గుమ్మం పక్కనున్న కుండలో నీళ్లు ముంచడానికి అతను వెనక్కి తిరిగాడు. గ్లాసుతో వచ్చేసరికి ఆమె నోరు బిగించుకుని ఉంది. గ్లాసు లాక్కున్నట్టు అందుకుని గడగడా తాగేసింది.

"ఏసుకున్నావా?"

"ఏసుకున్నాను. ఎల్లి నీ వల సూసుకో."

నాలుగు గంటలకోసారి ఇదే తంతు. పొద్దున ఇదే, ఎండ నెత్తికెక్కాక ఇదే, దీపాల వేళా ఇదే. ఒక్కపూట కూడా తప్పలేదని దాలయ్యకు లోలోపల కాస్త గర్వం. గర్వపడడానికి అతనికి అంతకు ముందు పెద్దగా ఏమీ దొరకలేదు మరి.

దాలయ్య గురించి ఆ పేటలో ఎవరినైనా అడిగితే "ఏ దాలయ్య?" అంటారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. ఎండకు మాడిన వీపు, ఉప్పునీళ్లకు పగిలిన మడమలు, తాడు లాగి లాగి నిటారుగా చాపలేని వేళ్లు. ఇవి పేటలో ప్రతి మగవాడికీ ఉన్నవే. పడవ ఒకరిది, ఇంజను ఒకరిది, వల మాత్రం దాలయ్యది. తుఫానులో ఎవరినీ కాపాడలేదు, తాగి ఎవరినీ కొట్టలేదు. పంచాయితీల్లో వెనక వరుసలో కూర్చుని, అందరూ చేతులెత్తినప్పుడు తనూ ఎత్తి ఇంటికి వచ్చేసేవాడు. ఒక్క కూతురు అనూరాధ, పెళ్లయి బారువ దగ్గర అత్తవారింట్లో ఉంది. చెప్పుకోవడానికి అంతే.

పేరున్నది మరిడమ్మకి. ఎండుచేపల మరిడమ్మ అంటే శృంగవరపుకోట సంతలో తెలియనివాళ్లు లేరు. కొండ మీంచి దిగొచ్చే జనం మిగతా గంపలన్నీ దాటుకుని ఆమె అమ్మే వేలెడంత నెత్తళ్ల చేపల కోసం వచ్చి నిలబడేవాళ్లు. ఇసక తగలకుండా వల మీద ఎండబెట్టేది. పొద్దు వాలే లోపల తిరగేసేది. చినుకు పడేలా ఉంటే కూరైనా వదిలేసి పరిగెత్తేది. ఆమెకొక పద్ధతి ఉంది. పడవలు నిండుగా వచ్చే రోజుల్లో ఇంట్లో మంచి చేప వండదు. మంచివన్నీ ఉప్పు పట్టించి కుండలోకి వెళ్లాల్సిందే. వేసవిలో సర్కారు వేట ఆపించే రెండు నెలల కోసం ఆ పొదుపు. "ఇయ్యాల నోరు కట్టుకో బావా, రేపు సముద్రం మూసేస్తారు" అనేది. దాలయ్య చేప తలకాయల పులుసుతోనే ముప్పై ఏళ్లు సంసారం చేశాడని చెప్పినా అబద్ధం కాదు.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ లేచింది. విశాఖలో పెద్దాసుపత్రివాళ్లు రొమ్ము తీసేశారు. బాగానే ఉందనుకుంటూ ఏడాది గడిచేసరికి నడుములో నొప్పి మొదలైంది. జబ్బు వెన్నెముకలోకి దిగిందనీ, ఇక తగ్గించేందుకు మందు లేదనీ, నొప్పికి మాత్రం ఉందనీ డాక్టరు చెప్పాడు. తిరుగు బస్సులో మరిడమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, చివరికి ఒక్కటే అడిగింది.

"అమ్మలాగ అరుసుకుంటూ పోనివ్వకు బావా."

మరిడమ్మ తల్లి దాలయ్యకు స్వయానా మేనత్త. ఆమెకూ ఇదే జబ్బు. అప్పట్లో ఆసుపత్రి లేదు, మాత్ర లేదు. ఆఖరి నెలంతా ఆ అరుపు పేటను నిద్రపోనివ్వలేదు. కుర్రవాడిగా పడవలో ఉన్న దాలయ్యకు సముద్రం మీదికి కూడా అది వినబడింది. చుక్కాని పట్టిన ముసలాయన ఆ గొంతుకు అందనంత దూరం పోదామని పడవను ఇంకా లోపలికి తోయించాడు. ఆ రోజు అక్కడ చేపలు లేవని అందరికీ తెలుసు.

"పోనివ్వను" అన్నాడు దాలయ్య. జన్మలో అతను ఇచ్చిన మాట అదొక్కటే. దాన్ని నిలబెట్టుకునే దారి ఈ మాత్రలే.

కోడి కూతను ఫోనులో పెట్టింది మెర్సీ సిస్టరు. నెల్లిమర్ల పిల్ల, గోనెసంచుల మిల్లులో పనిచేసినాయన కూతురు. ఆదివారం చర్చిలో పాటెత్తుకునే గొంతుతోనే గుమ్మం బయటినుంచి "మావా, ఉన్నారా" అని పిలుస్తుంది. మంచం పట్టిన క్యాన్సరు మనుషుల నొప్పి చూడడానికి ఊళ్లు తిరిగే వ్యానులో వస్తుంది. వచ్చినప్పుడల్లా నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగేది. మరిడమ్మకు ఆ లెక్క ఎక్కలేదు. గంపల్లో చెప్పేది. అరగంప, నిండు గంప, ఇంకొకరు సాయం పడితే గాని నెత్తికెక్కని గంప. మెర్సీ నవ్వి దాన్నే రాసుకునేది.

ఈమధ్య సాయం పట్టాల్సిన గంపే ఎప్పుడూ. ఒకటి వేసే మాత్రను మెర్సీ రెండు చేసింది. అయినా మరిడమ్మ కూర్చోలేదు, పక్కకు తిరగలేదు. మొహం పిడికిలిలా ముడుచుకుపోయింది. అరవదు. మూలుగు కూడా పైకి రానివ్వదు. ముక్కుతో బుసలు కొట్టినట్టు ఊపిరి పీల్చి, అలాగే బిగబట్టి పడుకుంటుంది. వేళకు మందు పడుతున్నా ఇదేమిటని దాలయ్యకు అనుమానం వచ్చింది. అనుమానం కోపమైంది. ఎప్పుడూ ఎవరి మీదా గొంతెత్తని మనిషి నిన్న ఫోనులో మెర్సీ మీద విరుచుకుపడ్డాడు.

"ఏటమ్మా నీ మందు? సుద్దముక్కలేటి ఇస్తన్నావు? పేదోళ్లమని ఏదో ఒకటి ఇచ్చి పోతన్నారేటి?"

"రేపొస్తాను మావా. డాక్టరుగారితో మాట్లాడి మందు పెంచుతాను" అంది మెర్సీ. ఫోను పెట్టేశాక దాలయ్యకు సిగ్గేసింది, కానీ కోపం తగ్గలేదు.

ఆ రేపు ఇవాళే. వేట నిషేధం మొదలై పడవలన్నీ ఇసక మీదికి ఎక్కాయి. దాలయ్య గుమ్మం ముందు పాక నీడలో వల పరుచుకుని చిరుగులు అల్లుతున్నాడు. వల తేలడానికి పై తాడుకు కట్టిన తెల్లటి రబ్బరు బెండ్లను ఒక్కొక్కటే తడుముకుంటూ పోతుంటే ఒకచోట బెండు లేదు. తాడు కొస మాత్రం వేలాడుతోంది. చుట్టూ వెతికాడు, ఇసక గీరాడు. "ఈ గుంటలు ఆడుకోడానికి ఏదీ ఉంచరు" అని వీధివైపు నాలుగు తిట్లు విసిరాడు. లోపలినుంచి మరిడమ్మ ఏమీ అనలేదు. మామూలుగానైతే పిల్లల్ని వెనకేసుకొచ్చేది.

ఎండ ముదురుతుండగా సూరయ్య వచ్చాడు. శృంగవరపుకోట పక్క ఊరివాడు, మరిడమ్మకు సంతలో పాత బేరం. ఆమె సంతకు రావడం మానేశాక తనే రెండు బస్సులు మారి రావడం మొదలుపెట్టాడు.

"అప్పా, ఎలాగున్నావు?" అని అక్కను పిలిచినట్టు మరిడమ్మను గుమ్మంలోంచి పలకరించాడు. "మాయావిడ నీ నెత్తళ్లు తప్ప ఇంకోటి ముట్టనంటాది."

మరిడమ్మ తల తిప్పకుండానే "పెద్ద కుండలోవి ఇవ్వు బావా" అంది. ఊపిరి తీసుకుని, "మూలనున్న సిన్న కుండ ముట్టుకోకు" అంది.

దాలయ్య పెద్ద కుండలో చెయ్యి పెట్టాడు. అడుగున నలిగిన పొట్టు తప్ప ఏమీ లేదు. ఆమె లేవలేక ఎన్నాళ్లయిందో, కుండ నింపినవాళ్లెవరు? అంత దూరం నుంచి వచ్చినవాడిని ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పలేదు. చిన్న కుండ ముందు కూర్చున్నాడు. మూతికి గుడ్డ కట్టి, దాని మీద వల దారంతో మరిడమ్మ మార్కు ముడి వేసి ఉంది. ముడులతోనే బతికినవాడికి అదొక లెక్కా? విప్పేశాడు.

పైన నెత్తళ్లు ఉన్నాయి, వెండిలా మెరుస్తూ. అవి తీసి సూరయ్య సంచిలో పోశాడు. ఇంకా ఉన్నాయేమోనని చెయ్యి లోపలికి పోనిచ్చాడు. కింద ఉప్పు. అది తడిగా ఉంది. సముద్రపు గాలికి చెమర్చి ముద్దయిన ఉప్పు. అందులో వేళ్లకు ఏదో గుడ్డమూట తగిలింది.

"బావా!" అంది మరిడమ్మ. అప్పటికే మూట బయటికొచ్చింది.

విప్పి చూస్తే తెల్లటి గడ్డ. నిమ్మకాయంత ఉంది. మొదట పటిక అనుకున్నాడు. పటిక ఇలా మెత్తగా వేలికి అంటదు కదా అని వెలుగులోకి పట్టుకెళ్లాడు. గడ్డ అంచున ఇంకా పూర్తిగా కరగని ఒక గుండ్రటి బిళ్ల కనబడింది. దాని నడుమ సన్నటి గీత. పక్కన ఇంకొకటి. దాని పక్కన సగం.

దాలయ్యకు ఆ గీత బాగా తెలుసు. పొద్దున కూడా చూశాడు.

గడ్డ పట్టుకుని గుమ్మంలోనే చతికిలబడ్డాడు. సూరయ్య "ఏటైనాది బావా? ఒంట్లో బాగోలేదేటి?" అంటున్నాడు. మొగుడూ పెళ్లాల మొహాలు చూసి, మరొక మాట అడగకుండా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

దాలయ్య దేకుతూ చాప దగ్గరికి వచ్చి ఆ గడ్డను ఆమె కళ్ల ముందు పెట్టాడు.

"ఇదేటే?"

మరిడమ్మ దాన్ని చూసింది. దొరికిపోయినదాని మొహం కాదది. పడవ మునిగిందని విన్నదాని మొహం.

"అయ్యో, తడిసిపోనాయా?" అంది.

చెయ్యి చాచి ఆ గడ్డను గోరుతో గీకింది. ఒక్క మాత్రనైనా విడదీయాలని చూసింది. పొడి పొడిగా రాలి చాప మీద పడింది. "ఉప్పులో పెట్టినాను గదా బావా. ఉప్పులో ఏదీ పాడవదు గదా" అంటూ ఏడవడం మొదలుపెట్టింది. రొమ్ము కోసినప్పుడు ఏడవని మనిషి, వెన్నులోకి దిగిందన్నప్పుడు ఏడవని మనిషి, మాత్రలు కరిగిపోయాయని వెక్కి వెక్కి ఏడ్చింది.

అతను నీళ్లు ముంచడానికి వెనక్కి తిరిగిన ప్రతిసారీ మాత్రలు ఆమె కొంగు ముడిలోకి వెళ్లాయి. అతను వల దగ్గరికి పోయాక గోడ పట్టుకుని, చేతుల మీద పాకి, ఆ కుండ దాకా వెళ్లేది. అదంతా ముక్కలు ముక్కలుగా చెప్పింది. దాలయ్యకు ఏది ముందు అడగాలో తెలియలేదు.

"ఒక్కటీ ఏసుకోలేదేటి?"

"రాత్రిపూట ఒకటి ఏసుకుంటన్నాను. నాను మూలిగితే నువ్వు పడుకోవు గదా."

ఆ మాటకు దాలయ్య తల పట్టుకున్నాడు. పెళ్లాన్ని ఎన్నడూ కొట్టని చెయ్యి పైకి లేచింది, తన నెత్తి మీదే పడింది. ఒకసారి కాదు.

మెర్సీ వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. "మావా, ఉన్నారా" అని నవ్వు తెచ్చిపెట్టుకుని లోపలికి వచ్చిన పిల్ల, నిన్నటి తిట్లకు జవాబు సిద్ధం చేసుకునే వచ్చింది. దాలయ్య గడ్డను ఆమె చేతిలో పెట్టి, చిన్న కుండ చూపించి, రాత్రి ఒక్కటే మింగుతోందని చెప్పాడు. మెర్సీ దాన్ని తిప్పి చూసి, వాసన చూసి, ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది.

"నేను మందు పెంచుకుంటూ పోయింది ఈ కుండకా అత్తా?" అంది.

మరిడమ్మ చాప మీద రాలిన పొడిని వేళ్లతో కూడగట్టుకుంటోంది.

"ఇయ్యాల మూడు సెయ్యాలని వచ్చాను. మావ కోపం మీద ఉన్నాడు గదా, దగ్గర నిలబడి మూడూ మింగించేసి ఉంటే..." ఆ పిల్ల గడ్డను కింద పెట్టేసింది. "రాత్రి ఒక్కటి ఏసుకునే ఒంటికి ఒక్కసారి మూడు పడితే తట్టుకుంటాదా? ఏసయ్యా!"

మరిడమ్మ కళ్లు తుడుచుకుంది. "ఒకపాలి నువ్వే సెప్పినావు. ఈ వారం మందు రాలేదత్తా, ఉన్నవాటితో సర్దుకో అన్నావు. అప్పుడు బయిమేసినాది. ఇది సిన్న నొప్పి మెర్సీ. అసలు నొప్పి ముందున్నాది. నాను సూసినాను గదా, మా అమ్మకి. ఆ రోజు నీ దగ్గర మందు లేదంటే నానేటి సెయ్యాల? సముద్రానికే రెండు నెల్లు సెలవిచ్చినారు. నీ మందుకి ఇవ్వరేటి?"

మెర్సీకి ఆ వారం గుర్తుంది. సరుకు రావడం రెండు రోజులు ఆలస్యమైంది, అంతే. రాగానే తెచ్చి ఇచ్చింది. తను మరిచిపోయిన ఆ మాట ఈ చీకటి గదిలో ఒక కుండలో ఉప్పు పోసుకుని కూర్చుందని ఎలా తెలుస్తుంది?

దగ్గరికి జరిగి మరిడమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇది దాసుకునే మందు కాదత్తా. ఇయ్యాల ఏసుకుంటే రేపటికి తక్కువైపోదు. రేపు నొప్పి పెరిగితే మందూ పెంచుతాను. ఎంత పెరిగితే అంత. అరిసేదాకా ఆగక్కర్లేదు. అరుపు రాకుండానే ఇస్తాం. నా మాట నమ్ము."

"అయితే ఇది అసలు నొప్పేనేటి?" అని అడిగింది మరిడమ్మ, నిజంగానే తెలియక.

మెర్సీ ఆమె చెయ్యి వదిలి బయటికి వెళ్లి డాక్టరుతో ఫోనులో మాట్లాడింది. తిరిగొచ్చి, మూడు వద్దు, రెండూ వద్దు, మొదటినుంచి మొదలుపెడదాం అంది. ఒక మాత్ర ఇచ్చి గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. మరిడమ్మ మాత్రను నాలుక మీద పెట్టుకుని మొగుడివైపు చూసింది. పట్టపగలు, నిద్రపోయే పని లేకుండా మింగడం ఆమెకు దుబారా అనిపించి ఉంటుంది. మింగింది. మెర్సీ సాయంత్రం ఫోను చేస్తానని, మగతగా ఉంటే వెంటనే చెప్పమని, గడ్డను కాగితంలో చుట్టుకుని వెళ్లింది.

దాలయ్య పక్కనే కూర్చున్నాడు. పాక నీడ గుమ్మం దాకా జరిగింది. ముందు ఆమె కాలివేళ్లు విడివడ్డాయి. ఇన్నాళ్లూ అవి ముడుచుకుని ఉన్నాయనే అతను గమనించలేదు. తర్వాత భుజం దిగింది. ముక్కుతో కొట్టే బుస ఎప్పుడు ఆగిందో తెలియదు గానీ ఆగింది. ముడుచుకున్న కాలు కొద్దికొద్దిగా చాపుకుంది, ఎక్కడైనా పట్టేస్తుందేమోనని ఆగి ఆగి. ఏమీ కాలేదు. వెల్లకిలా తిరిగింది.

అప్పుడు ఆమె మొహం కనబడింది. ఆ మొహాన్ని దాలయ్య మరిచిపోయాడు. పిడికిలిలా ఉన్నదే జబ్బు మొహమనీ, ఇక అదే ఆమె మొహమనీ అలవాటు పడిపోయాడు. ఇది సంతనుంచి ఖాళీ గంపతో వచ్చి, గుమ్మంలో కూర్చుని చెంబుడు నీళ్లు తాగి "ఇయ్యాల అన్నీ పోనాయి బావా" అని చెప్పే మనిషి మొహం.

"ఏటి అలాగ సూస్తన్నావు?" అంది.

"ఏటీ లేదు."

చాలాసేపు పైకప్పు తాటాకులకేసి చూస్తూ పడుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇన్నాళ్లూ ఇలాగ ఉండొచ్చేటి బావా?"

దాలయ్య గబుక్కున లేచి బయటికి వచ్చేశాడు. వల ముందు కూర్చుని సూది పట్టుకున్నాడు గానీ వల కన్ను కనబడలేదు. ఈ గోడకు ఇవతల తను వల అల్లుకుంటూ, వేళకు మాత్రలిస్తున్నానని మురిసిపోతూ ఉంటే, అవతల ఆమె చేతికందే దూరంలో మందు పెట్టుకుని ఆ నొప్పంతా పచ్చిగా భరించింది. ఒక్క రోజు కాదు. కాలువలూ గుంటలూ నిండిన వానాకాలం నుంచి, సంక్రాంతి చలి, ఈ ఎండల దాకా. ఆ సంగతి అతని బుర్రలో పట్టలేదు. ఆ సాయంత్రం పట్టలేదు, తర్వాత కూడా పట్టలేదు.

ఆ తర్వాత మాత్రను ఆమె చేతిలో పెట్టి, నీళ్లు ముందే ముంచి దగ్గర పెట్టుకునేవాడు. కొన్నాళ్లు అలా గడిచాయి. నొప్పి పెరిగిన రోజు మెర్సీ మాట తప్పకుండా మందు పెంచింది. మరిడమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కూతురితో ఫోనులో గంటలు గంటలు మాట్లాడింది. ఒక రోజు నెత్తళ్లు చింతకాయ వేసి వండమని, దగ్గరుండి చెప్పి వండించుకుంది. తలకాయలు కాదు, మంచివే. అరగంప అంది ఒకసారి. గంపే లేదు అంది ఇంకొకసారి.

వేట నిషేధం ఇంకా తీరలేదు. ఒక మధ్యాహ్నం కోడి కూసింది. దాలయ్య మాత్రతో లోపలికి వచ్చాడు. మరిడమ్మ నిద్రలో ఉంది, చెయ్యి చాప బయటికి చాచి. అరచేతిలో మాత్ర పెట్టాడు. గ్లాసులో చీమ పడి ఉంది. కొత్త నీళ్లు ముంచడానికి వెనక్కి తిరిగాడు. తిరిగిన క్షణంలోనే గభాలున ఇటు చూశాడు. మాత్ర పెట్టినచోటే ఉంది. తెరిచిన అరచేతిలో, కొంగు జోలికి పోకుండా.

పేటలో ఏ అరుపూ వినబడలేదు. పక్కింటివాళ్లకు కూడా దాలయ్య వెళ్లి చెప్పేదాకా తెలియలేదు.

పోయిన మనిషి చాప ఇంట్లో ఉంచరు. అందరూ శ్మశానంనుంచి తిరిగొచ్చాక, ఒడ్డున పారేసి రమ్మన్నారు. దాలయ్య చాప చుట్టి భుజాన వేసుకుంటుంటే, తలవైపు మడతలోంచి ఏదో జారి కాలి మీద పడింది. తెల్లటి రబ్బరు బెండు. వల మీదనుంచి పోయినదే. దీని కోసమే ఆ రోజు వీధి గుంటల్ని తిట్టాడు. తీసి చూశాడు. దాని రెండు పక్కలా పళ్లు దిగిన గాట్లు. ఒకదాని మీద ఒకటి, లోతుగా, కొన్నిచోట్ల రబ్బరు ఊడి వచ్చేసేలా. పై పళ్లవి, కింది పళ్లవి. అరుపు బయటికి రాకుండా మరిడమ్మ నోట్లో కుక్కుకున్నది ఇదన్నమాట.

అతను చాప పారేసి వచ్చి, చీకటి పడకముందే వల ముందు కూర్చున్నాడు. అనూరాధ లోపలినుంచి "నాయినా, ఇయ్యాల పనేటి?" అంది. ఖాళీగా వేలాడుతున్న తాడు కొసను పట్టుకుని బెండును దానికి బిగించసాగాడు. జేబులో ఫోను కోడి కూసింది. చటుక్కున లేచి గుమ్మం దాకా వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, మళ్లీ వచ్చి కూర్చుని ముడి పూర్తి చేశాడు.

సముద్రం తెరిచిన రోజున ఆ వల నీళ్లలోకి దిగింది, మిగతా బెండ్ల వరసలో ఆ ఒక్కటీ పళ్లగాట్లతో పైకి తేలుతూ ఉంది.